తీసేసిన పాత పార్టు మాది: పురాతన రివాల్వర్ల విడిభాగాలు అమ్మేవారికి, బాగుచేసేవారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

పురాతన రివాల్వర్లకు స్పేర్ పార్టులు అమ్మే వ్యాపారులకు, వాటిని బాగుచేసే గన్‌స్మిత్‌లకు, వేలం వేసే సంస్థలకు ఈ లేఖ. మీ చేతుల్లో పనితనం ఉంది. మీలో కొందరు లేకపోతే నూట యాభై ఏళ్ల నాటి తుపాకులు చాలావరకు ఈపాటికి తుక్కులో కలిసిపోయేవి, ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. కానీ అవే చేతుల మీదుగా జరుగుతున్న నష్టం గురించి విడివిడిగా ఉత్తరాలు రాస్తే జవాబు రాదు. ఎప్పుడో ఒకటి వచ్చినా "అందరూ చేసేది ఇదే కదండీ" అన్న మాట తప్ప అందులో ఇంకేమీ ఉండదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

ముందు నాకు జరిగింది చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టే ప్రతివాళ్లకీ కాస్త అటూ ఇటూగా ఇదే జరుగుతోంది.

నా దగ్గర ఉన్నది అమెరికా కోల్ట్ కంపెనీ చేసిన 1851 నమూనా నేవీ రివాల్వర్. కాల్చడానికి కాదు, భద్రంగా ఉంచుకోవడానికి. వెనక సుత్తిలా ఉండే హామర్‌ను వెనక్కి లాగితే, గుండ్లు నింపే సిలిండర్ తిరగడం లేదు. లోపల హ్యాండ్ అనే చిన్న ఉక్కు ముక్క ఉంటుంది, హామర్ కదిలినప్పుడల్లా అది పైకి లేచి సిలిండర్ వెనక పళ్లను నెట్టి తిప్పుతుంది. దానికి బిగించి ఉండే పల్చటి స్ప్రింగు విరిగిపోయింది. అంతే, ఇంకే లోపమూ లేదు. "ఒరిజినల్, ఆ కాలానిదే" అని రాసి ఉన్న హ్యాండ్ ఒకటి కొన్నాను. చేతికి వచ్చాక భూతద్దం కింద పెట్టి చూస్తే అంచుల మీద మిషను గీతలు ఇంకా పచ్చిగా ఉన్నాయి, వాటి మీద ఏదో రసాయనం పూసి నల్లబరిచి పాత ముక్కలా కనిపించేట్టు చేశారు. కొత్తగా చేసిన నకలు అది. అమ్మినవారికి రాశాను, ఫొటోలు పంపాను, ఉలుకూ పలుకూ లేదు.

ఇలా కాదని రివాల్వర్‌నే బాగుచేసేవారికి పంపాను. ఆ స్ప్రింగు ఒక్కటి మార్చండి, ఇంకేదీ ముట్టుకోవద్దు అని కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. తిరిగి వచ్చినప్పుడు అది అద్దంలా మెరుస్తోంది. ఆ నమూనా సిలిండర్ చుట్టూ ఒక నౌకాయుద్ధం బొమ్మ ఉంటుందని మీకు తెలుసు: 1843లో కాంపెచే దగ్గర టెక్సస్ నౌకలకీ మెక్సికో నౌకలకీ జరిగిన పోరు, కింద మే 16, 1843 అని తేదీ కూడా. వాటర్‌మన్ ఓర్మ్స్‌బీ చెక్కిన అచ్చును ఉక్కు రోలర్‌తో సిలిండర్ మీద అద్దేవారు, కాబట్టి ఆ గీతలకు లోతు చాలా తక్కువ. పాలిషింగ్ చక్రం కింద అవి ఎంతసేపు నిలుస్తాయి? ఓడల తెరచాపలు సగం పోయాయి, తేదీలో రెండు అంకెలు వేలితో తడిమితే కూడా తెలియడం లేదు. ఇత్తడి ట్రిగ్గర్ గార్డ్ వంపు లోపల మిగిలి ఉన్న కాస్త వెండి పూతా పోయింది. స్క్రూలన్నీ కొత్తవి. పాతవి ఏవండీ అంటే "పారేశాం, పనికిరావు" అన్నారు.

ఆ స్క్రూలు ఎందుకు పనికిరావో, కొత్తవి ఎందుకు పనికొస్తాయో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసినదేమిటంటే 1851 నేవీ స్క్రూల మరలు ఇప్పటి ఏ ప్రామాణిక కొలతకూ చెందవు. ఇంగ్లండులో విట్‌వర్త్ 55 డిగ్రీల మర కొలతను ప్రతిపాదించింది 1841లో, అమెరికాలో సెల్లర్స్ 60 డిగ్రీల కొలత వచ్చింది 1864లో. ఈ తుపాకీ నమూనా సెల్లర్స్ కొలత కంటే ముందుది, కోల్ట్ ఫ్యాక్టరీ తన మరలను తనే నిర్ణయించుకుంది. ఇటలీలో తయారయ్యే రెప్లికాల, అంటే పాత నమూనాకు ఇప్పుడు చేసే నకళ్ల, స్క్రూలు మెట్రిక్ కొలతలవి. చూపుకి ఒకేలా ఉంటాయి, మొదటి రెండు చుట్లు సాఫీగానే ఎక్కుతాయి, ఆ తర్వాత బలవంతం చేస్తే ఫ్రేమ్‌లోని పాత మరను కోసేస్తాయి. స్క్రూ పోతే ఇంకొకటి చేయించుకోవచ్చు, ఫ్రేమ్‌లో మర పోతే చేసేదేముంది? ఫ్రేమ్ అంటే ఆ తుపాకీ తనే కదా.

"కోల్ట్ పార్టులు దేనికైనా దేన్నైనా బిగించొచ్చు, ఫ్యాక్టరీ సరుకు కదా" అని చాలామంది అమ్మేవారు ధైర్యంగా చెబుతారు. ఆ పేరు కోల్ట్‌కి ఉన్న మాట నిజమే, కానీ ఆ రోజుల్లో మిషను మీద నుంచి దిగిన ముక్కను చివర్లో మనిషి ఆకురాయితో రాసి, ఆ ఒక్క తుపాకీకి అమర్చేవాడు. ఏ ముక్క ఏ తుపాకీదో కలిసిపోకుండా ఉండడానికే ఫ్రేమ్, బ్యారెల్, సిలిండర్, ట్రిగ్గర్ గార్డ్, పిడి వెనక ఉండే బ్యాక్‌స్ట్రాప్ పట్టీ, చివరికి బ్యారెల్‌ను పట్టి ఉంచే చిన్న వెడ్జ్ మీద కూడా ఒకే సీరియల్ నంబరు కొట్టేవారు. ఒక్క అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఫ్యాక్టరీలోనే ఈ నమూనా సుమారు 2,15,000, లండన్ ఫ్యాక్టరీలో ఇంకో 42,000 తయారయ్యాయి. అన్ని ఉన్నాయి కాబట్టి పార్టులు తేలిగ్గా దొరుకుతాయనుకుంటారు, దొరుకుతాయి కూడా, కానీ అచ్చంగా సరిపోయేది మాత్రం అరుదు. ఇక బెల్జియంలోని లీజ్ ఊరి పిన్‌ఫైర్ రివాల్వర్ల (తూటా పక్కన పొడుచుకొచ్చిన పిన్నును హామర్ కొడితే పేలేవి) సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ పని వందల చిన్న వర్క్‌షాపుల్లో, ఇళ్లల్లో జరిగేది, పక్కపక్క షాపుల్లో చేసిన రెండు తుపాకుల హామర్లు కూడా ఒకదానికొకటి కూర్చోవు. వాటి మీద పేల్చి పరీక్షించాక కొట్టే, గుడ్డు ఆకారంలో ఉండే లీజ్ ప్రూఫ్ ముద్ర తప్ప చేసినవాడి పేరు చాలాసార్లు ఉండనే ఉండదు.

ఇంత కష్టమైన పని ఇది. అందుకే మిమ్మల్ని అద్భుతాలు చేయమని అడగడం లేదు. చేసింది చేసినట్టు చెప్పమంటున్నాను, చేయొద్దన్నది చేయొద్దంటున్నాను. మా డిమాండ్లు ఇవి.

1. ఏ పార్టు ఏమిటో నిజం రాయండి. ఆ కాలపు ఫ్యాక్టరీ ముక్కా, అదే కాలానిదే కానీ వేరే నమూనాదా, మధ్యలో ఎప్పుడో ఎవరో చేసి పెట్టిందా, ఇప్పటి రెప్లికా పార్టా, మీరే కొత్తగా చేశారా? ఈ అయిదింటిలో ఏదో ఒకటి స్పష్టంగా రాస్తే చాలు. తెలియకపోతే తెలియదని రాయండి, దానికీ గౌరవం ఉంటుంది. రెప్లికా పార్టుల మీద నాకు కోపం లేదు. ఉబెర్టీ లాంటి తయారీదారులు 1959 నుంచి పాత నమూనాలను కొత్తగా చేస్తున్నారు. కాల్చాలనే సరదా ఉన్నవాళ్లకి అవి ఉండబట్టే ఎన్నో అసలు తుపాకులు అరుగుదల నుంచి తప్పించుకున్నాయి. కొత్త ముక్కకు ముసలి వేషం వేసి అసలు ధర అడగడమే తప్పు. ఫొటోతో పాటు పొడవు, మందం, పిన్ను రంధ్రం కొలత, మర ఉంటే ఎన్ని చుట్లో రాయండి. మీ దగ్గర వర్నియర్ కాలిపర్ ఉంటుంది, మీకు అది రెండు నిమిషాల పని. మాకు ఆ కొలత లేక తెప్పించుకోవడం, సరిపోక తిప్పి పంపడం, మీరు తీసుకోకపోవడం, ఈ టెన్షన్ అంతా మాది.

2. పూర్తిగా ఉన్న రివాల్వర్లను విప్పి ముక్కలుగా అమ్మకండి. విడిగా అమ్మితే ఎక్కువ వస్తుందన్న లెక్క నాకు అర్థమవుతుంది. కానీ అన్ని నంబర్లూ కలిసే తుపాకీ ఒకసారి విడిపోతే ఇక ఎవరూ మళ్లీ కలపలేరు. ఫ్రేమ్ తుప్పు పట్టి పూర్తిగా పోయినదాన్నో, బ్యారెల్ పగిలినదాన్నో విప్పండి, ఎవరూ కాదనరు. విప్పేముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, నంబరు రాసి, ఆ నంబరును ప్రతి ముక్కతో పాటు కొనేవారికి ఇవ్వండి.

3. అడగని పాలిష్, అడగని బ్లూయింగ్ (ఉక్కు మీద నీలం, నలుపు పొర తెప్పించడం) వద్దు. ఇది ఒక్కటీ కొంచెం వివరంగా రాయనివ్వండి, ఎందుకంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది.

ఆ నేవీ రివాల్వర్‌నే తీసుకుందాం. బ్యారెల్, సిలిండర్ నీలం. ఫ్రేమ్, హామర్, గుండును సిలిండర్‌లోకి నొక్కే లోడింగ్ లీవర్ మాత్రం ఎముకల బొగ్గులో పెట్టి కాల్చి నీళ్లలో ముంచి పైపొరను గట్టిపరిచిన కేస్ హార్డెనింగ్, దాని మీద బూడిద, నీలం, గోధుమ రంగులు మబ్బుల్లా కలిసిపోయి ఉంటాయి. స్క్రూలను సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేస్తే వచ్చే ప్రకాశవంతమైన నీలం. పిడి వార్నిష్ వేసిన వాల్‌నట్ చెక్క. ఒకే తుపాకీ మీద ఇన్ని రకాల పని ఉంటే, మీరు అన్నింటినీ ఒకే చక్రం మీద అరగదీసి, ఒకే వేడి కాస్టిక్ తొట్టెలో ముంచి ఒకే నలుపు తెస్తున్నారు. ఆ కాస్టిక్ పద్ధతి 20వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది, 1850ల తుపాకీ మీద అది చూడగానే తెలిసిపోతుంది. పాలిష్ చేసేటప్పుడు పదునైన అంచులు గుండ్రబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం లోపలికి దిగిపోతుంది, బ్యారెల్ మీది కంపెనీ అడ్రస్ అక్షరాలు పల్చబడతాయి. కేస్ హార్డెనింగ్ రంగులు చాలా పల్చటి పొర, గీకితే మళ్లీ రావు. మళ్లీ బొగ్గులో కాల్చితే ఫ్రేమ్ వంకరపోయే ప్రమాదం ఉంది.

తుప్పు ఉంటే ఏం చేయాలో మీకు నేను చెప్పేదేమీ లేదు. ఎర్ర తుప్పు లోహాన్ని తింటూనే ఉంటుంది, దాన్ని ఆపాలి. నూనెలో నానబెట్టి, మెత్తగా, ఓపిగ్గా తీయాలి. నల్లగా, గోధుమగా స్థిరపడ్డ పొరను మాత్రం వదిలేయాలి. మ్యూజియంలలో చేసేది అదే, ఆ తర్వాత మైనం పూస్తారు. ఇప్పుడు చాలామంది వాడుతున్న రెనెసాన్స్ వాక్స్ కూడా 1950లలో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో పుట్టినదే. కావాలంటే తర్వాతివారు ఆ మైనాన్ని తుడిచేయగలరు. మీరు గీకేసిన లోహాన్ని ఎవరు తెచ్చి పెడతారు?

కాబట్టి రాతపూర్వకంగా అడిగితే తప్ప పాలిష్ చక్రం దగ్గరికి తుపాకీని తీసుకెళ్లొద్దు. కొందరు కస్టమర్లే మెరుపు కావాలంటారు, తెలుసు. వారికి కూడా ముందు ఏం పోతుందో చెప్పి, అప్పుడు సంతకం తీసుకోండి.

4. తీసేసిన ప్రతి ముక్కా మాకు తిరిగివ్వండి. విరిగిన స్ప్రింగు, నలిగిన స్క్రూ, పగిలిన రబ్బరు గ్రిప్ ముక్కలు, పొట్లంలో కట్టి ఇవ్వండి. అది మా ఆస్తి, దాన్ని పారేసే హక్కు మీకు లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. విరిగిన స్ప్రింగు చేతిలో ఉంటేనే రేపు ఇంకో పనిమంతుడు దాని మందం, వంపు చూసి అచ్చం అలాంటిది చేయగలడు. స్లాటు నలిగిపోయిన స్క్రూను కూడా లోహం మెల్లగా లోపలికి కొట్టి, స్లాటు సరిచేసి వాడుకోవచ్చు, చేసేవాళ్లు ఉన్నారు. మీకు అంత సమయం లేకపోతే సరే, దాన్ని మా దగ్గర ఉండనివ్వండి.

5. కార్ట్రిడ్జ్‌కి, అంటే మందూ గుండూ ఒకటిగా ఉన్న తూటాకి, మార్చిన తుపాకులను "అసలు రూపానికి" తెస్తున్నామంటూ పాడుచేయకండి. రంధ్రం ఇటు నుంచి అటు పూర్తిగా ఉండే సిలిండర్ మీద రోలిన్ వైట్ 1855 పేటెంటు స్మిత్ అండ్ వెసన్ చేతిలో ఉండేది. అది 1869లో ముగిసింది, ఆ తర్వాతే కోల్ట్ తన పాత క్యాప్ అండ్ బాల్ రివాల్వర్లను (మందు, గుండు విడివిడిగా నింపేవి) అలాంటి సిలిండర్‌తో కార్ట్రిడ్జ్‌లకు అనువుగా మార్చడం మొదలుపెట్టింది. 1870ల మొదట్లో ఫ్యాక్టరీలోనే చేసిన ఆ మార్పు ఆ తుపాకీ జీవితంలో భాగం. దానికి రెప్లికా సిలిండర్ తగిలించి, హామర్ మార్చి, 1861 నాటిదిలా చేసి అమ్మితే అక్కడ ఒక నిజమైన వస్తువు పోయి ఒక అబద్ధం మిగులుతుంది. ఇలాంటివి ఎన్ని చేతులు మారాయో ఎవరికీ లెక్క లేదు, అదే భయం.

6. కొత్తగా పెట్టిన పార్టు మీద, బయటికి కనిపించని చోట, చిన్న గుర్తు వేయండి. పాత సీరియల్ నంబరును కొత్త ముక్క మీద కొట్టకండి. కస్టమరు అడిగినా కొట్టకండి. "అందంగా ఉంటుందని" కొట్టిన నంబరు మరుసటి అమ్మకంలో మోసం అవుతుంది, అప్పుడు దాన్ని కొనేవాళ్లకి మీ ఉద్దేశం మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? తుపాకీతో పాటు ఒక్క కాగితం ఇవ్వండి: ఏం మార్చారు, ఎందుకు మార్చారు, ఏ తేదీన, ముందు ఫొటో, తర్వాత ఫొటో.

7. కాల్చడానికి పనికొస్తుందా లేదా అన్నది దాచకండి. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. పాత ఫ్రేములు, సిలిండర్లు బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు నల్లమందు కోసం చేసినవి. 1873లో వచ్చిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌కి కూడా, ఎక్కువ ఒత్తిడి పుట్టించే పొగరాని స్మోక్‌లెస్ పౌడర్ విషయంలో కంపెనీ హామీ ఇచ్చింది 1900లోనే. బయట మెరుపు చూసి, లోపల మారిన స్ప్రింగు చూసి, ఇది కొత్తదానితో సమానమని ఎవరైనా అనుకుంటే ఆ తప్పు కొంత మీది కూడా. బ్రిటిష్ వెబ్లీ మార్క్ సిక్స్ రివాల్వర్లను చూడండి, .455 తూటా కోసం చేసిన వాటి సిలిండర్ల వెనక భాగాన్ని కోసి .45 ఆటోమేటిక్ తూటాలు పట్టేట్టు చేసి వేలకు వేలు అమ్మారు. ఆ తూటా ఒత్తిడి ఆ తుపాకీ కోసం అనుకున్నదానికంటే ఎక్కువ. కోసిన సిలిండర్ అని ఒక్క ముక్క రాయకుండా ఇప్పటికీ అవి చేతులు మారుతున్నాయి. ప్రదర్శనకు మాత్రమే బాగుచేశారా? అయితే ఆ మాట కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉండాలి.

8. చట్టం గురించి ముందే చెప్పండి. పురాతనం అంటే ఏమిటన్నది దేశానికో రకంగా ఉంది. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898 గానీ అంతకుముందు గానీ తయారైనది, ఇంకోచోట ఇంకో తేదీ, ఇంకో షరతు. పనిచేయని తుపాకీ పనిచేసే స్థితికి వస్తే దాని హోదాయే మారే చోట్లు ఉన్నాయి. ఒక స్ప్రింగు కొన్నందుకు సాధారణ మనిషి నేరస్థుడు కాకూడదు. "మీ దగ్గరి నియమం కనుక్కున్నాకే ఆర్డరు ఇవ్వండి" అన్న వాక్యం రాయడానికి ఖర్చేమీ కాదు.

వేలం సంస్థలకు విడిగా ఒక మాట. "రీస్టోర్ చేయబడింది" అన్న ఒక్క పదంతో సరిపెట్టకండి. బ్యారెల్ మళ్లీ బ్లూ చేశారా, గ్రిప్ కొత్తదా, సిలిండర్ నంబరు కలుస్తుందా, వెడ్జ్ కలుస్తుందా అన్నవి వివరణలోనే ఉండాలి, అడిగితే చెప్పేవిగా ఉండకూడదు. మీ నిపుణులకు ఇవన్నీ చూడగానే తెలుసు. తెలిసీ రాయకపోవడానికి కారణం ఏమిటో మీరే చెప్పాలి.

వీటివల్ల ఎవరు నష్టపోతున్నారని అడుగుతారేమో. పెద్ద సంగ్రాహకులు కాదు. వాళ్లకి చూసే కళ్లున్నాయి, సలహా ఇచ్చేవాళ్లున్నారు. నష్టపోయేది తాతగారి పెట్టెలో రివాల్వర్ దొరికి, పాపం దానికి మంచి చేద్దామని మీకు పంపిన కుటుంబం. మీరు మెరిపించి ఇస్తారు, వాళ్లు సంతోషంగా డబ్బు కట్టి తీసుకెళ్తారు, కొన్నేళ్ల తర్వాత అవసరం వచ్చి అమ్మబోతే అప్పుడు తెలుస్తుంది, మీకు పంపకముందే దాని విలువ ఎక్కువని. నష్టపోయేది జీతంలో కొంచెం కొంచెం దాచుకుని మొదటిసారి ఒక పాత తుపాకీ కొన్న కుర్రాడు, ఒక నకలు పార్టుతో ఒకసారి దెబ్బతిని, ఇదంతా మోసమే అనుకుని ఇటువైపు మళ్లీ చూడడు. రేపు ఈ వస్తువులను చూసుకోవాల్సింది ఆ వయసు వాళ్లే. చిన్న మ్యూజియంల సంగతీ అంతే, విరాళంగా వచ్చిన తుపాకీలో ఏది 1850ల ముక్కో, ఏది నిన్నటిదో తేల్చే నిపుణులను పెట్టుకునే స్తోమత వాటికి ఉండదు.

డబ్బు ఎక్కువ అడగండి, అడగాల్సిందే. చేత్తో చేసిన ఒక చిన్న V స్ప్రింగు వెనక ఎంత శ్రమ ఉంటుందో నాకు తెలుసు: ఉక్కు ఎంచుకోవడం, ఆకురాయితో సన్నగా వాలు తీయడం, వంచడం, గట్టిపరచడం, మళ్లీ సరైన వేడికి తెచ్చి పెళుసుతనం తీయడం, అంతా అయ్యాక ఒక్కోసారి బిగించేటప్పుడే విరగడం. ఆ శ్రమకు తగ్గ ధర ఇవ్వడానికి మేం సిద్ధం. ఆలస్యమైనా ఆగుతాం. మేం అడగని పనికి బిల్లు వేసి, అడిగిన పని సగం చేసి ఇచ్చే పద్ధతికి మాత్రం ఇక డబ్బు ఇవ్వం.

నా రివాల్వర్ బాగుచేసినవారిని మళ్లీ అడుగుతున్నాను, పాత స్క్రూలు మీ తుక్కు డబ్బాలో ఇంకా ఉంటే వెతికి పంపండి, పోస్టు ఖర్చు నేను పెట్టుకుంటాను. మిగతా అందరినీ అడిగేది ఈ ఎనిమిదింటిలో ఏవి పాటిస్తారో, ఏవి పాటించలేరో, ఎందుకో, మీ ధరల పట్టిక పక్కనే రాసి పెట్టమని. రాసి పెట్టినవారికే మా పని ఇస్తాం, మా తోటివారికీ వారి పేర్లే చెబుతాం.

ఇట్లు,
పాత రివాల్వర్లను దాచుకునే ఒక మనిషి